చెరువు మీద రాత్రులు, అరగని తిండి, పట్టని నిద్ర: ఆయుర్వేదంలో దారుందా?

చెరువుగట్టు (ఆకివీడు దగ్గర), రాత్రి 2:40

అందరికీ నమస్కారమండి. ఇన్నాళ్ళూ మీరు రాసినవి చదవడమే గానీ నేను రాయడం ఇదే మొదలు. నిద్ర పట్టక రాస్తున్నాను. పక్కన ఏరేటర్లు, అదే రొయ్యల చెరువు నీళ్ళకి గాలి పట్టించే యంత్రాలు, తిరుగుతున్నాయి. ఆ చప్పుడు ఆగితే గుండె ఆగినంత పనవుతుంది, ఆగకపోతే కునుకు రాదు.

నాకు 43 ఏళ్ళు. ఆరెకరాల చెరువు, అందులో నాలుగు లీజు. వనామీ రొయ్య వేస్తాను. రెండేళ్ళ కిందట తెల్లవారుజామున కరెంటు పోయింది, జనరేటర్ స్టార్టవలేదు, చూస్తుండగానే రొయ్యలు పైకి తేలిపోయాయి. ఆ పంట మొత్తం పోయింది. అప్పట్నుంచి రాత్రి రెండున్నర అయితే చాలు, ఎవరో లేపినట్టు మెలకువ వచ్చేస్తుంది. టార్చి పట్టుకుని గట్టు చుట్టూ తిరిగొచ్చాక ఇక కన్ను మూతపడదు.

దానికి తోడు కడుపు. ఛాతీ మధ్యలో మంట, పుల్లటి తేన్పులు, తిన్నది గొంతులోకి ఎగదన్నడం. ఒక రోజు ఆకలే వేయదు, ఇంకో రోజు వేళ కాని వేళ కడుపు నకనకలాడుతుంది. విరేచనం ఒక రోజు గట్టిగా, ఒక రోజు పలచగా. రోజుకి ఏడెనిమిది టీలు తాగుతాను. మధ్యాహ్నం అన్నం మూడింటికి. రాత్రి పదిన్నరకి షెడ్డులో క్యారియర్ విప్పుతాను, చేపల పులుసో రొయ్యల ఇగురో ఉంటుంది, తినగానే మంచం మీద వాలిపోతాను. ఏడాదిగా పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకుంటున్నాను, మందుల షాపులో అడిగి తెచ్చుకున్నదే.

మా బావమరిది అశ్వగంధ పొడి డబ్బా తెచ్చిచ్చాడు, పాలల్లో కలుపుకుంటున్నాను. ఊళ్ళోకి వచ్చే ఒకాయన దగ్గర నల్ల మాత్రలు కూడా కొన్నాను. పొట్లం కట్టి ఇచ్చాడు, పేరు లేదు. రెండూ నెల నుంచి వాడుతున్నాను. తెలిసినవారు చెప్పండి, ఆయుర్వేదంలో దీనికి సరైన దారి ఏమైనా ఉందా?

పంతులమ్మ (అమలాపురం)

బాబూ, ఆ వేళప్పుడు రాశావని చూస్తేనే ప్రాణం ఉసూరుమంది. నేను బడిలో పాఠాలు చెప్పినదాన్ని, వైద్యం చదువుకోలేదు. మా అమ్మ చేసింది చెబుతాను.

మా ఇంట్లో మొదటి ముద్ద పొడితోనే. వాము, శొంఠి, జీలకర్ర, కరివేపాకు దేనికది దోరగా వేయించి, సైంధవ లవణం వేసి రోట్లో దంచేది. వేడన్నం మీద చిటికెడు పొడి, చెంచాడు నెయ్యి. ఆ ముద్ద నోట్లో పెట్టుకుంటే ఆకలి లేనివాడికి కూడా నోరూరేది.

ఆఖర్న మజ్జిగ. ఇప్పుడు పెరుగులో నీళ్ళు పోసి గరిటెతో తిప్పి మజ్జిగ అంటున్నారు. అది పలచటి పెరుగే నాయనా. కవ్వంతో చిలకాలి, వెన్న తేలాలి, ఆ వెన్న తీసెయ్యాలి. మిగిలింది వేళ్ళకి రాసుకుంటే జిడ్డు తగలకూడదు. అదీ మజ్జిగ. అందులో కాస్త జీలకర్ర పొడి వేసి, కరివేపాకు నలిపి మధ్యాహ్నం పూట తాగి చూడు. రాత్రిళ్ళు మాత్రం పెరుగు జోలికి పోకు.

కాయలవ్యాపారి (అంబాజీపేట)

నాకూ ఇదే బాధండి, కాకపోతే నాది మలబద్ధకం. కొబ్బరి ధర పడిపోయినప్పుడల్లా కడుపు బిగుసుకుపోతుంది. త్రిఫల చూర్ణం రోజూ వాడొచ్చా? ఎవరైనా చెప్పండి.

కరక్కాయ (తణుకు)

చెరువుగట్టు గారూ, నేను ఆయుర్వేద వైద్యుణ్ణి, విజయవాడ నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాలలో చదువుకున్నాను. మనిషిని చూడకుండా మందు రాయను. మీరు చెప్పినదాన్ని బట్టి మా శాస్త్రం ఎలా ఆలోచిస్తుందో చెబుతాను.

ముందు ఆ నల్ల మాత్రలు ఈ రోజే ఆపండి. పేరు, తయారీదారు లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు లేనిది ఆయుర్వేద మందు కాదు, ఏమైనా కావచ్చు. వాటిలో స్టెరాయిడ్ కలిపి అమ్మినవి నేను చూశాను. పాదరసం, సీసం ఉండే అవకాశమూ ఉంది. మిగిలిన మాత్రలు పారెయ్యకుండా దాచి డాక్టరుకి చూపించండి.

ఇక అగ్ని సంగతి. మా లెక్కలో జఠరాగ్ని, అంటే తిన్నది అరిగించే శక్తి, నాలుగు రకాలు. సమాగ్ని ఆరోగ్యం. కఫం వల్ల మందగిస్తే మందాగ్ని, పిత్తం వల్ల మండితే తీక్ష్ణాగ్ని, వాతం వల్ల ఒక రోజు ఒకలా ఉంటే విషమాగ్ని. ఒక రోజు ఆకలి, ఒక రోజు లేమి, విరేచనం రోజుకో రకం అన్నారే, అది విషమాగ్ని లక్షణం. వేళ తప్పిన తిండి, రాత్రి జాగరణ, భయం, ఈ మూడూ వాతాన్ని రేపేవే. ఛాతీలో మంట, పుల్ల తేన్పులు ఆమ్లపిత్తం కిందికి వస్తాయి. మీకు రెండూ కలిసి ఉన్నాయి.

అందుకే పంతులమ్మ గారి పొడి మంచిదే అయినా మీకు ఇప్పుడే వద్దంటాను. ఆ పొడికి శాస్త్రంలో అక్కలాంటిది హింగ్వాష్టక చూర్ణం. ఇంగువ, శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, వాము, జీలకర్ర, నల్ల జీలకర్ర, సైంధవ లవణం. దాన్ని కూడా నెయ్యితో మొదటి ముద్దలోనే తినమంటారు. కడుపు ఉబ్బరానికి బాగా పనిచేస్తుంది. మంట ఉన్నవాడు తింటే మంట పెరుగుతుంది. మంట తగ్గేదాకా మీరు ధనియాలు నానబెట్టిన నీళ్ళు, పుల్లబడని తాజా మజ్జిగ మధ్యాహ్నం పూట, పులుపు కారాలు తగ్గించిన భోజనం, అంతవరకే ఉండండి.

అన్నిటికంటే ముందు రాత్రి భోజనం ఏడున్నరకి జరపండి. పదిన్నరకి చేపల పులుసు తిని వాలిపోతే ఏ చూర్ణమూ ఏమీ చేయలేదు. తిన్నాక రెండు, మూడు గంటలు నిటారుగా ఉండాలి. టీలు మూడుకి తగ్గించండి, సాయంత్రం నాలుగు దాటాక అసలు వద్దు.

పాలల్లో పొడి అన్నారు కాబట్టి ఇంకొక మాట. చేపలు తిన్న రాత్రి పాలు తాగొద్దు. చేపా పాలూ కలిపి తినడం విరుద్ధాహారమని చరకుడే చెప్పాడు. మన డెల్టాలో గేదె పాలు తాగితే నిద్ర పడుతుందంటారు, అదీ చరకంలో ఉంది. కానీ ఆయన ఆ పాలు నిద్ర లేనివారికి, ఆకలి మరీ ఎక్కువగా ఉన్నవారికి మంచివన్నాడు. బరువైన పాలు. మీ కడుపుకి ఇప్పుడు అవి మోయలేని బరువు.

కాయలవ్యాపారి గారూ, త్రిఫల అంటే కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ. రాత్రి పడుకునే ముందు గోరువెచ్చటి నీళ్ళతో అర చెంచా, కొద్ది వారాలు వాడొచ్చు. షుగర్ మాత్రలు వేసుకుంటుంటే మీ డాక్టరుకి చెప్పి వాడండి. యాభై దాటాక కొత్తగా మొదలైన మలబద్ధకమైతే ముందు పరీక్ష, తర్వాతే త్రిఫల.

రాత్రిడ్యూటీ (కాకినాడ)

అన్నయ్యగారూ, నేను స్టాఫ్ నర్సుని. ఇది చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

మా నాన్నగారు కోటిపల్లి వైపు వ్యవసాయం చేసేవారు. ఒక రాత్రి ఛాతీలో మంట, చెమటలు, ఎడమ భుజం లాగుతోందన్నారు. ఎప్పుడూ ఉండే గ్యాసేలే అన్నారు, మేమూ అదే అనుకున్నాం. అమ్మ వాము నీళ్ళు కాచి ఇచ్చింది. నేను ఆ రోజు సెలవు మీద ఇంట్లోనే ఉన్నాను. నర్సుని అయ్యుండి నేనూ సోడా తెచ్చి పట్టించాను. మూడు గంటలు అలా పోయాయి. అది హార్ట్ ఎటాక్. ఆయన బతికారు గానీ పది అడుగులు వేస్తే ఆయాసం. ఆ మూడు గంటలు నన్ను ఈ రోజుకీ వదల్లేదు.

అందుకని బతిమాలుతున్నాను, ముందు ఒక ఈసీజీ తీయించుకోండి. నలభై దాటిన మగవాళ్ళు, అందులో టెన్షన్‌తో రాత్రుళ్ళు మేల్కొనేవాళ్ళు గ్యాస్ అనే మాటని నమ్మొద్దు. నడిస్తే పెరిగి కూర్చుంటే తగ్గే మంట, చెమట, దవడకో చేతికో పాకే నొప్పి ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయాలి.

కడుపు వైపు కూడా కొన్ని గుర్తులున్నాయి. నల్లటి విరేచనం, రక్తం వాంతి, మింగేటప్పుడు పట్టేసినట్టుండడం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఎండోస్కోపీ చేయించుకోవాలి. ఇంట్లో కషాయాలతో రోజులు గడపకూడదు.

లంకరైతు (పి.గన్నవరం)

అందరూ ఆయనని బెదరగొడుతున్నారు. మన తాతలు ఈసీజీలు తీయించుకున్నారా? చెట్టు మందుకి సైడ్ ఎఫెక్టులుండవు. అశ్వగంధ మా ఇంట్లో అందరం వాడతాం. వేరు మందు పనిచేస్తే పనిచేస్తుంది, లేకపోతే ఊరుకుంటుంది, అంతే గానీ చెడు చేయదు.

చెరువుగట్టు

ఈసీజీకి రేపు భీమవరం వెళుతున్నాను. సిస్టర్ గారూ, మీ నాన్నగారి సంగతి చదివి మా ఆవిడ ఏడ్చేసింది, ఇక ఆలస్యం చేయనివ్వదు.

ఒక సందేహం. ఆ అశ్వగంధ డబ్బా నుంచి మా ఆవిడ కూడా రోజూ ఒక చెంచా తాగుతోంది, నీరసం పోతుందని. ఆమెకి ఆరేళ్ళుగా థైరాయిడ్ మాత్ర ఉంది. ఈ మధ్య గుండె దడ, చెయ్యి వణుకు అంటోంది. దానికీ దీనికీ సంబంధం ఉంటుందా?

కరక్కాయ

ఉండవచ్చండి. ఈ రోజు నుంచే ఆమె అశ్వగంధ ఆపాలి. థైరాయిడ్ మాత్ర మాత్రం సొంతంగా ఆపకూడదు. ఆమె డాక్టరుకి ఈ పొడి సంగతి చెప్పి రక్తపరీక్ష చేయించండి. అశ్వగంధ థైరాయిడ్ హార్మోనుని పెంచగలదు. మాత్రా, పొడీ కలిస్తే మోతాదు మించిపోయి దడ, వణుకు రావచ్చు.

లంకరైతు గారూ, మీ నమ్మకాన్ని నేను తప్పు పట్టను, నా జీవనమే ఈ శాస్త్రం. కానీ పనిచేసే శక్తి ఉన్న వేరుకి చెడు చేసే శక్తి కూడా ఉంటుంది. పెన్నేరు గడ్డ, అంటే ఈ అశ్వగంధే, మంచి మందు. ఒత్తిడి మీద, నిద్ర మీద కొంత మేలు చేస్తుందని ఇప్పటి పరీక్షల్లో కూడా కనిపించింది. అదే వేరు వాడి కాలేయం దెబ్బతిన్నవాళ్ళు కూడా వైద్య పత్రికల్లో నమోదయ్యారు, అరుదుగానైనా సరే. గర్భిణులకి అసలు ఇవ్వకూడదు. నిద్రమాత్రలు వేసుకునేవారికి మత్తు పెరుగుతుంది. దగ్గుకి నమిలే అతిమధురం రోజూ తింటే బీపీ పెరిగి పొటాషియం పడిపోతుంది. 2008లో అమెరికా వైద్య పత్రికలో ఒక పరిశీలన వచ్చింది. ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద మందుల్ని పరీక్షిస్తే సుమారు ఐదో వంతులో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో బయటపడింది. అది చదివిన రోజు నాకు చాలా బాధ వేసింది, కానీ దాచిపెట్టి లాభం లేదు. మన చట్టంలోనే విషద్రవ్యాలున్న ఆయుర్వేద మందుల జాబితా వేరుగా ఉంది, వాటి మీద వైద్యుడి పర్యవేక్షణలో వాడాలని రాసి ఉండాలి. చెడే చేయనివైతే ఆ జాబితా ఎందుకు?

లంకరైతు

థైరాయిడ్ సంగతి నాకు తెలియదండి. మా చెల్లెలికి కూడా ఆ మాత్ర ఉంది. ఇప్పుడే ఫోన్ చేస్తున్నాను.

రెండోపంట (కాళ్ళ)

తమ్ముడూ, నేనూ చెరువు వాణ్ణే, 18 ఏళ్ళ నుంచీ. మందుల సంగతి వాళ్ళు చెప్పారు, నేను చెరువు సంగతి చెబుతాను.

నీ మెలకువ రోగం కాదు. పగలంతా నీటిలో నాచు ఆక్సిజన్ తయారు చేస్తుంది, రాత్రి అదే నాచు రొయ్యలతో పాటు ఆక్సిజన్ తాగుతుంది. అందుకే తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఒకసారి ఆ వేళకి పంట పోయినవాడికి శరీరం ఆ వేళకే లేపుతుంది. నాకు మూడేళ్ళు అలాగే లేపింది.

నేను చేసిందేమిటంటే రాత్రిని పంచుకున్నాను. పదకొండు నుంచి రెండున్నర దాకా మా వాచ్‌మన్, తర్వాత మా అబ్బాయి, వారంలో రెండు రాత్రులే నేను. కరెంటు పోతే ఫోన్ మోగే పరికరం బిగించాను. జనరేటర్‌ని రోజూ సాయంత్రం పది నిమిషాలు తిప్పి చూస్తాం, అవసరం వచ్చిన రాత్రే మొదటిసారి స్టార్ట్ చేసే పని పెట్టుకోకు. మబ్బు పట్టిన రోజు మేత తగ్గిస్తాం. ఆక్సిజన్ మీటరు పెట్టి ఎంతుందో పలక మీద రాసి వెళ్ళమని చెప్పాను. పొద్దున లేచి ఆ పలక చూసుకుంటే, రాత్రి నేను లేకపోయినా చెరువు ఉందని మనసుకి తెలుస్తుంది. అలా అలవాటు పడటానికి ఒక పంటకాలం పట్టింది. ఏ పొడీ నాకు ఇవ్వని నిద్ర ఆ పలక ఇచ్చింది.

కరక్కాయ

రెండోపంట గారు చెప్పినది చదివి నాకు మా పాత ఆయుర్వేద గ్రంథకర్త వాగ్భటుడి మాట గుర్తొచ్చింది. రాత్రి మేల్కోవలసి వస్తే, ఎంతసేపు మేల్కొన్నారో అందులో సగంసేపు మర్నాడు పొద్దున, ఏమీ తినకముందు పడుకోమన్నాడు అష్టాంగహృదయంలో. కాపలా ఉండే మనిషి కోసమే రాసినట్టుంటుంది. మూడు గంటలు మేల్కొంటే పొద్దున గంటన్నర. ఖాళీ కడుపుతో. మధ్యాహ్నం కడుపు నిండా తిని రెండు గంటలు పడుకోవడం వేరు, అది వేసవిలో తప్ప మంచిది కాదన్నారు. మీరు ఇప్పుడు చేస్తున్నది ఆ రెండోదేనేమో గమనించుకోండి.

రాత్రిడ్యూటీ

మేమూ రాత్రి డ్యూటీ దిగాక అలాగే చేస్తామండి, గది చీకటి చేసుకుని. డ్యూటీ లేని రాత్రి మాత్రం నిద్ర రాకుండా మంచం మీద దొర్లొద్దు. ఇరవై నిమిషాలకి రాకపోతే లేచి మసక వెలుతురులో కూర్చుని, కళ్ళు బరువెక్కాకే మళ్ళీ పడుకోండి. ఏ రాత్రి ఎలా గడిచినా లేచే వేళ ఒకటే పెట్టుకోండి. ఫోన్ పక్కన వద్దు. పాత నిద్రలేమికి డాక్టర్లు మాత్రల కంటే ముందు నేర్పవలసింది ఈ పద్ధతే. గురక పెడతారా? మధ్యలో ఊపిరి ఆగినట్టుంటుందా? ఉంటే అది వేరే జబ్బు, మీ ఆవిడని అడిగి చూడండి.

పంతులమ్మ

నేను వాము చెప్పి తప్పు చేశాననిపించింది. మంట ఉన్నవాళ్ళకి వద్దని ఈ వయసులో తెలుసుకున్నాను, డాక్టరు బాబుకి రుణపడ్డాను.

అరికాళ్ళకి నూనె మాత్రం ఎవరూ కాదనరేమో. మా మామగారు ధవళేశ్వరంలో కాలువల మీద పనిచేసేవారు, వరదల రోజుల్లో రాత్రుళ్ళు గట్ల మీదే కాపలా. ఇంటికొచ్చాక మా అత్తగారు ఇత్తడి గిన్నెలో నువ్వుల నూనె దీపం మీద గోరువెచ్చ చేసి పట్టేది. ముందు కాళ్ళు వేడినీళ్ళతో కడిగి తడి లేకుండా తుడవాలి. అరికాలి మధ్య పల్లంలో బొటనవేలు పెట్టి గుండ్రంగా తిప్పుతూ మడమ దాకా రావాలి, తర్వాత ఒక్కో వేలినీ పట్టి నెమ్మదిగా లాగాలి. ఒక్కో కాలికి ఐదు నిమిషాలు. రెండో కాలు అయ్యేలోపే ఆయన గురక వినపడేది.

కరక్కాయ

పాదాభ్యంగం అంటే అదేనమ్మా. నూనె ముఖ్యంగా తలకి, చెవులకి, పాదాలకి పట్టించమని శాస్త్రం. షుగర్ వల్ల కాళ్ళు తిమ్మిరెక్కినవారు నూనె వేడిని చేత్తో చూసుకోవాలి, పుండు ఉంటే రాయకూడదు. నూనె కాళ్ళతో గచ్చు మీద నడవొద్దు, జారతారు.

చెరువుగట్టు, నలభై ఐదు రోజుల తర్వాత

ఆలస్యమైంది, మన్నించండి. రొయ్యల పట్టుబడి అయ్యాక కూర్చుని రాస్తున్నాను.

ఈసీజీ, గుండె స్కాన్ బాగానే ఉన్నాయి. కడుపు డాక్టరు రెండు వారాలు గ్యాస్ మాత్ర ఆపించి ఎండోస్కోపీ చేశారు. పుండు లేదు, వాపు ఉంది, హెలికోబాక్టర్ పైలోరీ అనే క్రిమి ఉందన్నారు. 14 రోజులు యాంటీబయాటిక్స్ వాడాను. గ్యాస్ మాత్ర మళ్ళీ నెమ్మదిగా తగ్గిస్తున్నారు, ఒక్కసారి మానేస్తే మంట రెట్టింపై తిరిగొస్తుందట. ఆపిన ఆ రెండు వారాలు నాకది అనుభవమే. ఏడాదిగా ఆ మాత్ర దేన్ని కప్పి ఉంచిందో నాకు తెలియలేదు. నల్ల మాత్రలు చూపిస్తే లివర్, కిడ్నీ పరీక్షలు చేశారు, బాగున్నాయి.

తర్వాత తణుకు వెళ్ళి కరక్కాయ గారిని కలిశాను. ఆయన చేయి పట్టుకుని నాడి చూసిన దానికంటే నేను తినే వేళలు అడిగిందే ఎక్కువ. మందు ఒక్కటే ఇచ్చారు, మిగతాదంతా వేళలే. క్యారియర్ ఇప్పుడు ఏడింటికి వస్తోంది. మా తమ్ముడితో రాత్రులు పంచుకున్నాను, పలక కూడా వేలాడదీశాను. మొదటి వారం తమ్ముడి వంతు రోజుల్లో కూడా గట్టు మీదకి వెళ్ళి వాడితో తిట్లు తిన్నాను. ఇప్పుడు వారంలో నాలుగు రాత్రులు నిద్ర పడుతోంది. మిగతా మూడింట్లో రెండున్నరకి మెలకువ వస్తూనే ఉంది. మంట చాలా తగ్గింది, ఆవకాయ తిన్న రోజు మాత్రం వదలదు.

మా ఆవిడకి థైరాయిడ్ పరీక్షలో హార్మోను ఎక్కువగానే ఉంది. పొడి ఆపాక దడ తగ్గింది, ఆరు వారాలకి మళ్ళీ చూస్తామన్నారు.

పంతులమ్మ గారూ, ఆ నూనె విషయం. ఇక్కడ షాపుల్లో దీపారాధన నూనె అని అమ్ముతున్నారు, అది కాళ్ళకి రాయొచ్చా?

పంతులమ్మ

వద్దు నాయనా, అందులో ఏమి కలుపుతారో తెలియదు. గానుగ పట్టిన తినే నువ్వుల నూనె తీసుకో, పావు కేజీ చాలు, నెల వస్తుంది. మీ తమ్ముడి వంతు రాత్రులే రాయించుకో. నీ వంతు రోజు వద్దు, గట్టు మీద నూనె కాళ్ళతో తిరగకూడదు.